దక్షిణ మండపంలో గాజుపట్టీ

ఆలయంలోని దక్షిణ మండపాన్ని సందర్శకులకు తెరవవచ్చునా, కూడదా అన్న ప్రశ్న ఆ వేసవి మొదట్లో ఆఫీసు దాటి మా భోజనాల బల్ల మీదికి వచ్చింది. తెచ్చింది మా అమ్మాయి. పురాతన కట్టడాలను కాపాడే శాఖలో నేను ముప్పై నాలుగేళ్ళు ఇంజనీరుగా పనిచేసి విరమించాను. ఆమె అదే శాఖలో చేరి, పదోన్నతి మీద ఆ ఏడాదే మా ఊరికి బదిలీ అయి, నేను ఒకప్పుడు కూర్చున్న గదిలోనే కూర్చుంటోంది. వచ్చిన వారంలోనే కుర్చీ మార్పించిందని విన్నాను. ఆ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మండపం ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. అరవై నాలుగు రాతి స్తంభాల మీద నిలబడి ఉంది. మూడో వరుసలోని ఒక దూలానికి అడుగున పగులు కనిపించినప్పుడు, అంటే ఆ వేసవికి ఇరవై నాలుగేళ్ళ ముందు, మండపానికి తాళం వేయించినది నేనే. అటువంటి పగులు ఎప్పటిదో పాతదై ఊరుకున్నదా, ఇంకా కదులుతున్నదా అని తేల్చడానికి మా వృత్తిలో ఒక సులువైన పద్ధతి ఉంది. పగులుకు అడ్డంగా పలుచని గాజుపట్టీని పెట్టి, రెండు కొసలనూ ప్లాస్టరుతో రాతికి అతికిస్తారు. గాజు సాగదు. రాయి వెంట్రుకవాసి కదిలినా పట్టీ పగులుతుంది. పగలలేదంటే రాయి కదలడం లేదని అర్థం.

మొదటి పట్టీ రెండో నెలలోనే పగిలింది. అది కాపలాదారు నిర్లక్ష్యమని నిర్ణయించి, అతనిపై చర్య తీసుకుని, కొత్త పట్టీ వేయించాను. ఆ తరువాత పద్దెనిమిదేళ్ళ పాటు, మూడు నెలలకొకసారి, రిజిస్టరులో ఒకే వాక్యం రాశాను: 'దగ్గరగా పరిశీలించితిని. గాజుపట్టీ చెక్కుచెదరలేదు.' డెబ్బై సంతకాలకు పైమాటే. అంత క్రమం తప్పని రికార్డు శాఖలో మరొకటి లేదని నాకు వీడ్కోలు సభలో చెప్పారు. ఏటా కొత్తగా చేరిన ఇంజనీర్లకు పాఠం చెప్పడానికి నన్ను పిలిచేవారు. ఆ రిజిస్టరు పట్టుకుని వెళ్ళేవాణ్ణి.

"నాన్నగారూ, నాకు ఈ వేసవంతా కావాలి," అంది అమ్మాయి ఆ రోజు. "పగులు కదలిక కొలిచే గేజి పెట్టి, వానలు పడేదాకా చూస్తాను. ఆ తర్వాతే సంతకం."

"ఎందుకు?"

"సంతకం నాది కనక."

"రికార్డు నాది," అన్నాను.

"మా పెద్ద ఇంజనీరు కూడా అదే అంటున్నాడు. 'మీ నాన్నగారి రికార్డుండగా నీకు అనుమానమేమిటమ్మా, ఇంటికెళ్ళి అడుగు' అని నవ్వుతాడు. ఎండలో జనం మాడిపోతున్నారు, నెలాఖరుకల్లా మండపం తెరవాలట. రోజుకి నాలుగైదు వేలమంది ఆ దూలం కింద కూర్చుంటారు. నేను సంతకం పెట్టకపోతే ఫైలు ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

"ఆయన సరిగ్గానే అన్నాడు."

"మీరు బాగా చూడలేదని నేనట్లేదు నాన్నగారూ."

"అనడం లేదు. అనుకుంటున్నావు."

నా భార్య గిన్నె పట్టుకుని మా ఇద్దరి మధ్యా నిలబడింది. "ఆ మండపాన్ని కాస్త బల్ల మీంచి దింపితే నేను గిన్నె పెట్టుకుంటాను. చెయ్యి కాలుతోంది."

వాదన నాకు ఇష్టం ఉండదు. కళ్ళకు కనిపించేదాని మీద వాదన అసలే ఉండకూడదు. ఆదివారం ఉదయం వెళదామనీ, ఆమే నిచ్చెన ఎక్కి పట్టీని చూసి, అక్కడే నిర్ణయం తీసుకోవాలనీ చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

"అయితే నేనూ వస్తాను," అంది నా భార్య. "ఆ గుడి పేరు చెప్పి ఇన్నేళ్ళు ఇంటికి ఆలస్యంగా వచ్చారు. లోపల దేవుడున్నాడో లేదో నేనైనా చూసొస్తా."

*

ఎనిమిది గంటలకే ప్రాంగణంలోని రాతి పలకలు వేడెక్కాయి. నీడ ఉన్నది గోపురం కింద మాత్రమే. అక్కడ నిలిచినవారు కదలరు, వెనుక వచ్చేవారికి చోటు ఉండదు. మండపం తెరవాలని పైవారు ఎందుకు తొందరపడుతున్నారో ఎవరికైనా అర్థమవుతుంది. కటకటాల వెనుక ఖాళీగా, చల్లగా, అరవై నాలుగు స్తంభాల నీడ ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది.

ఆ కటకటాల ముందు ఒక ముసలివాడు ఏదో కుటుంబానికి స్తంభాల మీది బొమ్మలు చూపిస్తున్నాడు. నేను చర్య తీసుకున్న కాపలాదారు అతడే. మండపంలోని గబ్బిలాలను పొడుగాటి కర్రతో తోలుతూ ఉద్యోగమంతా గడిపాడు గనుక అందరూ అతణ్ణి గబ్బిలాల తాత అంటారు. నాతోపాటే, ఆరేళ్ళ కిందట విరమించాడు. కాని ఇంటికి వెళ్ళినట్టు లేదు. నన్ను చూడగానే ఆ కుటుంబాన్ని ఏనుగు బొమ్మ దగ్గర వదిలేసి వచ్చాడు.

"సార్! మా సారే! నల్లబడ్డారు సార్. అమ్మగారూ, బాగున్నారా? ఈవిడ అమ్మాయిగారు కదూ? చిన్నప్పుడొకసారి వచ్చారు. అదిగో, ఆ ఏనుగు తొండం పట్టుకుని వేలాడారు. సార్ నన్ను తిట్టారు."

"నేను వేలాడితే నిన్నెందుకు తిట్టారు తాతా?"

"ఏనుగుని తిట్టలేరు కదమ్మా."

అమ్మాయి నవ్వింది. నా భార్య నాకంటే ముందే నవ్వేసి, మమ్మల్ని వదిలి గర్భగుడి వైపు నడిచింది. నేను కొత్త కాపలాదారును పిలిచి తాళం తీయించి, నిచ్చెన తెప్పించాను. పట్టీ చూడాలని వచ్చామని చెప్పినప్పుడు తాత ముఖంలో నవ్వు ఆగిపోవడం గమనించాను. ఎండ వల్ల అనుకున్నాను.

దూలం పద్నాలుగు అడుగుల ఎత్తున ఉంది. అమ్మాయి మెట్టు తరువాత మెట్టు చూసుకుంటూ ఎక్కింది. నిచ్చెన అడుగును తాత రెండు చేతులా పట్టుకున్నాడు. నేను అలవాటు ప్రకారం సంచిలోంచి బైనాక్యులర్స్ తీసి మెడలో వేసుకున్నాను.

"పట్టీ బాగానే ఉంది నాన్నగారూ. ఎక్కడా గీత కూడా లేదు."

"చెప్పాను కదా."

ఆమె దిగలేదు. టార్చి వేసింది. పట్టీ చుట్టూ వెలుగు తిప్పింది.

"ప్లాస్టరు ఎన్నిసార్లు వేయించారు?"

"రెండుసార్లు. మొదటి పట్టీకి ఒకసారి, రెండోదానికి ఒకసారి."

"ఇక్కడ పొర మీద పొర ఉంది. పక్కన పాత ప్లాస్టరు ముద్దలు ఉన్నాయి, వాటిలో గాజు కొసలు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి తెల్లగాజు. ఒకటి ఆకుపచ్చగా ఉంది. ఇదేదో ఇంకా మందంగా ఉంది. ఆరు... ఏడు... అటువైపు ఇంకో నాలుగు."

"అలా ఉండడానికి వీల్లేదు," అన్నాను.

"ఉన్నాయి నాన్నగారూ. వేలితో తడుముతున్నాను."

నిచ్చెన కొద్దిగా కదిలింది.

"అమ్మాయిగారూ, దిగండమ్మా," అన్నాడు తాత. "నేను చెబుతాను. ముందు మీరు దిగండి."

అతడు చెప్పినది ఇది. మొదటి పట్టీ పగిలినప్పుడు, గబ్బిలాలు తోలే కర్ర తగిలించాడని నేను అతనిపై రాశాను. తగిలించలేదని అతడు అప్పుడే చెప్పాడట. చెప్పాడేమో, నాకు గుర్తు లేదు. పదిహేను రోజులు పనిలోంచి పక్కన పెట్టించాను. అది గుర్తుంది. మళ్ళీ పగిలితే ఉద్యోగం ఉండదని కూడా చెప్పాను.

"మళ్ళీ పగిలిందా?" అంది అమ్మాయి.

"నాలుగు నెలలకే పగిలిందమ్మా. పొద్దున తలుపు తీసి పైకి చూశాను, గాజు రెండు ముక్కలు. సార్ ఎప్పుడొస్తారో తెలీదు. పటాలు కట్టే షాపుకి పరిగెత్తాను. వాడు అద్దం ముక్క కోసి ఇచ్చాడు. ప్లాస్టరు ఎలా కలపాలో సార్ వేయిస్తున్నప్పుడు చూశాను కదా. ఎండేలోపల కింద నిలబడి దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత చెయ్యి అలవాటైపోయింది. పట్టీ కొలత షాపువాడికి చెప్పనక్కర్లేదు, నన్ను చూస్తేనే కోసిచ్చేవాడు."

"సార్ రిటైరైపోయారు, నువ్వూ రిటైరైపోయావు. ఇప్పుడున్నది ఎవరు పెట్టారు?"

"నేనే. రెండు నెలలైంది. ఈ కొత్త కుర్రాడు నేనడిగితే తాళం తీస్తాడు."

"ఎందుకు తాతా?"

అతడు నా వైపు చూడకుండా చెప్పాడు. "సార్ ఎప్పుడైనా చూడ్డానికి వస్తారేమోనని."

మా అమ్మాయి కోప్పడుతుందని అనుకున్నాను. నేనైతే కోప్పడి ఉండేవాణ్ణి. ఆమె మండపం మెట్టు మీద కూర్చుని, సంచిలోంచి నోట్‌బుక్ తీసి, పక్కన చోటు చూపించింది.

"కూర్చో తాతా. ఎప్పుడెప్పుడు పగిలిందో చెప్పు. గుర్తున్నంత వరకు."

"గుర్తులేకేమమ్మా! ఎండలు ముదిరేముందు ఒకటి తప్పకుండా పోతుంది. వానలు గట్టిగా పట్టిన ఏడు ఇంకోటి. మా పెద్దపిల్ల పెళ్ళికి ముందు వారం ఒకటి పోయింది, శుభలేఖలు పంచడం మానేసి వచ్చి అతికించాను. మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకటి. ఆ ఏడు మాత్రం రెండు నెలల్లో రెండు పోయాయి. నా మీద పగబట్టిందనుకున్నాను, ఈ రాయి."

ఆమె పెళ్ళి ఏ సంవత్సరం, ఆసుపత్రి ఏ నెల అని అడుగుతూ రాసుకుంది. నేను నిలబడి విన్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఆ దూలం ఎప్పుడు ఎంత కదిలిందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒకడే ఉన్నాడని, అతడు అయిదో తరగతి దాటలేదని, అతణ్ణి ఎవరూ ఏమీ అడగలేదని నాకు అప్పుడు తోచింది.

అప్పుడు ఆమె తల ఎత్తింది. గొంతులో ఏ మార్పూ లేదు.

"నాన్నగారూ, మూడు నెలలకొకసారి మీరు దగ్గరగా చూశారు కదా. ఇన్ని పొరల ప్లాస్టరు మీకు ఎందుకు కనిపించలేదు?"

"సార్‌కి ఎలా కనిపిస్తుందమ్మా, నేను అంత నున్నగా చేసేవాణ్ణి," అన్నాడు తాత వెంటనే.

ఆమె అతని వైపు చూడలేదు. నా మెడలోని బైనాక్యులర్స్‌ను చూసింది. మీ అమ్మ ఎక్కడుందో చూసి వస్తానని చెప్పి అక్కడి నుంచి కదిలాను.

గర్భగుడి ముందు వరుస పలుచగా ఉంది. ఆ గోడల మందం ఎంతో, పైకప్పులో ఎన్ని రాళ్ళున్నాయో నాకు కాగితం చూడకుండా తెలుసు. నా భార్య పక్కన నిలబడి, అలవాటు చొప్పున పైకప్పు అతుకులను పరీక్షిస్తున్నాను.

"పైకి కాదండీ. ఎదురుగా చూడండి," అంది ఆమె.

చూశాను. దీపం వెలుగులో నల్లని రాతి ముఖం. ముప్పై ఏళ్ళుగా వస్తూ పోతూ ఉన్నా ఆ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

"ఏమైంది?" అంది.

"ఏమీ లేదు."

"ఏమీ లేనివాళ్ళ ముఖం అలా ఉండదు," అంది.

*

సోమవారం సాయంత్రం అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, నిలబడే నీళ్ళు తాగి, జరిగినది చెప్పింది. పెద్ద ఇంజనీరు అంతా విన్నాడట. ఒక ముసలి కాపలావాడి మాట మీద పద్దెనిమిదేళ్ళ రికార్డును పక్కన పెట్టలేనన్నాడట. 'మీ నాన్నగారు దగ్గరగా పరిశీలించితిని అని రాశారు. ఆయన అబద్ధం రాస్తారా? ముసలాయన మతి తప్పి ఏదో మాట్లాడుతున్నాడు. లేదూ, ఈమధ్యే ఎక్కి ఏదో చేశాడు. నిజంగా చేసి ఉంటే రక్షిత కట్టడాన్ని చెడగొట్టినట్టే, ఆవరణలోకి అడుగు పెట్టనివ్వకుండా ఉత్తర్వు వేస్తాను. నువ్వు సంతకం పెట్టు' అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"శుక్రవారం దాకా టైమడిగాను."

"గుడిలోకి రానివ్వకపోతే తాత ఏమవుతాడు?" అంది నా భార్య.

అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. గ్లాసు కడిగి బోర్లించి తన గదిలోకి వెళ్ళింది. మంగళవారం అడగలేదు. బుధవారం కూడా అడగలేదు. ఆ మూడు రోజులూ బల్ల మీద మండపం ప్రస్తావన రాలేదు. నా భార్య గిన్నెలు పెట్టుకోవడానికి కావలసినంత చోటు ఉంది.

నేను ఆ మూడు రోజులు రిజిస్టరు నకలు తిరగేశాను. నా చేతిరాత బాగుంటుంది. ప్రతి పుటలోనూ ఆ వాక్యం ఒకే రకంగా, ఒకే వాలుతో ఉంది. మొదటి మూడేళ్ళ వాక్యాలకూ తరువాతి పదిహేనేళ్ళ వాక్యాలకూ పరాయివారెవరూ తేడా కనిపెట్టలేరు.

గురువారం ఉదయం ఆరు గంటలకు బల్ల దగ్గర కూర్చుని ఒక పుట రాశాను. కొట్టివేతలు లేకుండా రెండోసారి రాశాను. సారాంశం ఇది: మొదటి మూడేళ్ళు ఎక్కినా గాజును తప్ప ప్లాస్టరును చూడలేదు. నాలుగో సంవత్సరం నుంచి నేను నిచ్చెన ఎక్కలేదు. నేల మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూశాను. అక్కడి నుంచి గాజు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది తప్ప అది ఎప్పటి గాజో తెలియదు. 'దగ్గరగా' అన్న మాట వాస్తవం కాదు. మొదటి పట్టీ పగిలినప్పుడు కాపలాదారుపై చర్యను నేను విచారణ లేకుండా తీసుకున్నాను. ఆ తరువాత అతడు చేసినదంతా ఆ చర్య ఫలితం, అందుకు బాధ్యుణ్ణి నేను. నా రికార్డు ఆధారంగా మండపం విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోరాదు.

అమ్మాయి దాన్ని నిలబడి చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"ఇది ఆఫీసులో అందరూ చదువుతారు నాన్నగారూ."

"చదవడానికే రాశాను."

"ఎందుకు ఎక్కలేదు? అది రాయలేదు."

"నిర్ణయానికి దానితో పనిలేదు," అన్నాను.

ఆమె కాగితాన్ని మడత పడకుండా ఫైల్లో పెట్టుకుంది. గుమ్మం దాటాక వెనక్కి వచ్చి, తేదీ వేయడం మరిచిపోయానని చూపించింది. వేశాను. అటువంటి పొరపాటు నేను అంతకుముందు చేసి ఎరుగను.

*

పెద్ద ఇంజనీరుకు వేరే దారి లేకపోయింది. వారంలోపల గేజి బిగించారు. వానలు మొదలయ్యే సమయానికి పగులు మిల్లీమీటరున్నర తెరుచుకుంది. తాత చెప్పిన తేదీలను అమ్మాయి పట్టికగా వేసి గేజి చూపిన కదలిక పక్కనా, ఆయా సంవత్సరాల ఎండ, వాన లెక్కల పక్కనా పెట్టింది. పెళ్ళి, ఆసుపత్రి, వానలు ఎక్కువైన సంవత్సరం అన్నీ ఆ లెక్కల్లో తమ తమ చోట్ల సరిగ్గా కూర్చున్నాయి. మండపం తెరవడం రద్దయింది. దూలం కింద ఇనుప ఊతాలు నిలబెట్టే పని మొదలైంది. తాతపై ఉత్తర్వు ఊసు ఎవరూ ఎత్తలేదు. కొత్త ఇంజనీర్లకు పాఠం చెప్పమని నాకు ఏటా వచ్చే ఉత్తరం ఆ ఏడాది రాలేదు. తరువాత కూడా రాలేదు.

ఇంట్లో వచ్చిన మార్పు ఎవరూ ప్రకటించినది కాదు. అమ్మాయి అంతకుముందు సాయంత్రాలు డ్రాయింగులు తెచ్చి నా ముందు పరిచేది, నేను పెన్సిలుతో దిద్దేవాణ్ణి. ఆ వేసవి నుంచి తన గదిలోనే దిద్దుకోసాగింది. అప్పుడప్పుడు బయటికి వచ్చి, ఫలానా గోడ విషయం ఇలా నిర్ణయించానని చెబుతుంది. సరే అంటాను. అది అడగడం కాదు, చెప్పడం అని ఇద్దరికీ తెలుసు. మొదట్లో కొంత కష్టంగా ఉండేది.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం నా భార్య మళ్ళీ దర్శనానికి వెళదామంది. వెళ్ళాం. మండపంలో ఊతాల పని జరుగుతోంది. లోపల ఎత్తున, పరంజా మీద, అమ్మాయి పసుపు టోపీ పెట్టుకుని ఎవరికో ఏదో చెబుతోంది. కటకటాల బయట గబ్బిలాల తాత చుట్టూ పదిమంది సందర్శకులు మూగి ఉన్నారు. మేం వెనుక నిలబడ్డాం.

"లోపలికి పోనివ్వరా తాతా?" అని ఒకావిడ అడిగింది.

"పైన రాయి కదులుతోందమ్మా. అదిగో, ఆ పసుపు టోపీ. మా ఇంజనీరమ్మ. ఆవిడే పట్టుకుంది."

"మరి ఇన్నేళ్ళూ ఎవరూ చూడలేదా?"

"ఎందుకు చూడలేదూ! పాత ఇంజనీరుగారొకాయన చూసేవారు. చాలా గట్టి మనిషి." తాత అప్పుడు నన్ను చూశాడు. ఒక్క క్షణం తడబడి, అదే గొంతుతో కొనసాగించాడు. "నిచ్చెన ఎక్కలేకపోయేవారు పాపం. మోకాళ్ళ నొప్పులు."

ఆ సానుభూతి పదిమంది ముఖాల్లోనూ కనిపించింది. ఒకాయన తన మోకాలు తడుముకున్నాడు కూడా. నేను మాట్లాడనవసరం లేదు. అక్కడ నన్ను ఎరిగినవారు లేరు.

"మోకాళ్ళు కాదు," అన్నాను. "అప్పట్లో నా మోకాళ్ళు బాగానే ఉండేవి. ఎక్కినప్పుడల్లా తెల్లచొక్కా మీద గబ్బిలాల రెట్ట పడేది. కింద మా గుమాస్తాలు నవ్వు ఆపుకునేవారు. అందుకని ఎక్కడం మానేశాను."

అందరూ వెనక్కి తిరిగారు. పరంజా మీద పసుపు టోపీ ఇటు తిరిగింది. అంత దూరానికి మాట వినిపించిందో లేదో నాకు తెలియదు.

నా భార్య నన్ను ఎగాదిగా చూసింది.

"చొక్కాలు ఉతికేది నేను కదండీ," అంది. "ఎక్కి ఉండాల్సింది."